బరువుకు మొక్కిన చేతులు: ఒమాన్‌లో ఒక వేసవి

ఒమాన్ వెళ్ళొచ్చానంటే మా వీధివాళ్ళు మొదట అడిగేది బంగారం సంగతి. నేను అక్కడ చూసింది ఎక్కువగా ఇనుము. బంగారం కోసం చదవబోయేవారు ఇక్కడితో ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

మా వారు విశాఖ రేవులో ఖలాసీ ఫోర్‌మన్. క్రేను ఎత్తబోయే బరువుకు ఇనుప తాళ్ళు కట్టడం, కట్టింది జారకుండా చూడడం, కింద నిలబడి పైనున్న ఆపరేటరుకు చేతి సైగలతో చెప్పడం, ఇదీ ఖలాసీ పని. మస్కట్‌లో ఒక కంపెనీవారి సైట్‌లో, బరువు కడుతుండగా, ఒకతని వేళ్ళు రెండు పోయాయి. దాంతో ఆ పని నేర్పే మనిషి కావాలని వాళ్ళకు తోచింది. రెండు నెలల పనికి మా వారిని పిలిచారు. మా వారికి కడుపులో పుండు. చారన్నం, మజ్జిగన్నం తప్ప మరొకటి పడదు. డాక్టరు ఆ ముక్క కాగితం మీద రాసిస్తే, వంటమనిషి కిందో భార్య కిందో లెక్కగట్టి నన్నూ రానిచ్చారు. అలా మా ఇంటి ఆడవాళ్ళలో విమానమెక్కిన మొదటిదాన్ని నేనయ్యాను. ఆ పుండుకు నేను ఎంతైనా ఋణపడి ఉన్నాను.

నేను బడికి పోలేదు. నాన్నగారు ఇంట్లో దిద్దించిన అక్షరాలే నా చదువు. భూగోళంలో తప్పులు దొర్లితే మన్నించండి. వంటలో తప్పులుంటే మాత్రం మన్నించనక్కర్లేదు, ఉండవు.

సీబ్

ఎమర్జెన్సీ రోజులు. బొంబాయిలో విమానం వేళకే బయలుదేరింది. విమానం నిండా మగవాళ్ళు. చాలామంది కరీంనగరు, నిజామాబాదు వైపు వాళ్ళు. విమానం పైకి లేస్తుంటే నేను కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే మా వరుసంతా అదే పనిలో ఉంది.

సీబ్ విమానాశ్రయంలో తెల్లటి పొడుగు అంగీ వేసుకున్న అధికారి నా ఆవకాయ జాడీ మూత తీయించాడు. లోపల ఏమి దాచానోనని పెన్సిలు గుచ్చి చూశాడు. పెన్సిలు ఎర్రగా బయటికొచ్చింది. వాసన చూశాడు, తుమ్మాడు, మళ్ళీ చూశాడు. పక్కనున్న ఇంకో అధికారిని పిలిచి అతనికీ చూపించాడు. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నాక, ఎంతో మర్యాదగా జాడీకి మూత పెట్టి, రెండు చేతులతో నాకు అందించారు. మా ఊళ్ళో నా వంటకు అంత గౌరవం ఎప్పుడూ జరగలేదు.

హమ్రియా

మాకు మస్కట్ పక్కనే హమ్రియాలో ఒక గది ఇచ్చారు. కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ. చెట్టూ చేమా లేని నల్లటి కొండ. పగలంతా ఎండ తాగి, పొద్దుగూకాక ఆ వేడిని మా గదిలోకి వదిలేది. ఫ్యాను ఆ వేడినే అందరికీ సమానంగా పంచేది.

కింద ఒక మలబారు ఆయన దుకాణం. కరివేపాకు బొంబాయి నుంచి విమానంలో వచ్చేది. చిన్న కట్ట వంద బైసాలు. వెయ్యి బైసాలైతే ఒక రియాలు, రియాలంటే మన పాతిక రూపాయల దాకా. అంటే ఆ కట్ట రెండున్నర రూపాయలు. ఇంటి దగ్గర పక్కింటి పెరట్లో తుంచుకునేదాన్ని. ఇక్కడ ఒక్కో రెబ్బనూ లెక్కగా వేసి, తిన్నవాళ్ళు పళ్ళెం అంచుకు తోసేస్తే ఆ చేతివంకే చూసేదాన్ని. మా వారు మూడో రోజు నుంచి కరివేపాకు నమిలి మింగడం నేర్చుకున్నారు.

ఆ దేశంలో నాకు బాగా నచ్చింది శుక్రవారం సెలవు. మా ఊళ్ళో శుక్రవారం పూజంటే మా వారి క్యారేజీకీ, నీళ్ళ కుళాయికీ మధ్య ఎలాగో ఇరికించేదాన్ని. ఇక్కడ దేశం దేశమే పనులు ఆపుకుని కూర్చుంటుంది. వాళ్ళ ప్రార్థన వాళ్ళు చేసుకునేవారు, నా లలితమ్మవారి పూజ నేను చేసుకునేదాన్ని. నా పూజకు దేశమంతా సెలవిచ్చినందుకు ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియక, మలబారు దుకాణదారుకు చెప్పాను. ఆయన "సరే అమ్మా" అన్నాడు.

వాడి కబీర్

శిక్షణ వాడి కబీర్‌లోని కంపెనీ యార్డులో. మధ్యాహ్నం చారన్నం తీసుకుని కంపెనీ పికప్పులో నేనూ వెళ్ళేదాన్ని. మా వారు తినేదాకా రేకుల షెడ్డు నీడలో కూర్చునేదాన్ని. ఖలాసీ పని గురించి నాకు తెలిసినదంతా ఆ షెడ్డు కిందే తెలిసింది.

క్రేను నడిపేవాడు ఖాదర్ బాషా, కడప మనిషి. పైన అద్దాల గదిలో కూర్చుని లోకాన్నంతా వేళాకోళం చేస్తుండేవాడు. లివరు ముట్టుకునే ముందు మాత్రం నోట్లో బిస్మిల్లా అనుకునేవాడు. నేర్చుకునేవాళ్ళు ఆరుగురు, అందరూ జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. వాళ్ళలో పెద్దవాడు రాజలింగు. నలభై ఏళ్ళుంటాయి. ఊళ్ళో రైసు మిల్లు హమాలీ. ఒమాన్ వచ్చి నాలుగు నెలలు కాలేదు.

మా వారి మొదటి పాఠం చిన్నది. ఇనుప తాడు బిగిసేటప్పుడు దానికీ బరువుకీ మధ్య వేలుంటే, తర్వాత వేలుండదు. దీన్ని తెలుగులో చెప్పారు, హిందీలో చెప్పారు, క్యారెట్టు ముక్క పెట్టి చూపించారు. ఆరుగురూ తలలూపారు. తర్వాత సిమెంటు పైపుకు తాళ్ళు వేసి, ఖాదర్ బాషాకు సైగ చేశారు. తాడు బిగిసింది. అప్పుడు ఆరుగురూ ముందుకొచ్చి, కంపెనీ ఇచ్చిన తోలు తొడుగులు చేతుల నుంచి లాగేసి, పైపును ముట్టి కళ్ళకద్దుకున్నారు.

మా వారు ఈల ఊదారు. క్రేను ఆగింది.

"ఏటయ్యా రాజలింగూ, ఏటిది?"

"మొక్కినం సారూ."

"చేతులు పెట్టొద్దని ఇప్పుడే కదా సెప్పాను!"

"చేతులు పెట్టలే సారూ. ముట్టి మొక్కినం, గంతే. బరువు లేత్తాంది గద."

"మరి తొడుగులెందుకు తీశారు?"

రాజలింగు మా వారివంక జాలిగా చూశాడు. "తోలుయి గద సారూ. తోలేసుకొని మొక్కుతరా ఎవలన్న?"

పైనుంచి ఖాదర్ బాషా తల బయటపెట్టాడు. "ఏం మామా, నువ్వు మొక్కేది పైపుకా, నాకా? నాకైతే చెప్పు, దిగొచ్చి కుదురుగా కూచుంటా."

"నీకు మొక్కుడెందుకు? నువ్వు నడుపుడు సూత్తె మా పానాలకే మొక్కుకుంటానం."

మిల్లులో బస్తా భుజానికెత్తే ముందు దాన్ని ముట్టి కళ్ళకద్దుకోవడం వాళ్ళకు చిన్నప్పటి నుంచీ అలవాటు. బస్తా కదలదు కనుక వేళ్ళకేమీ కాలేదు. ఇక్కడ బరువు కదులుతుంది. మా వారు రోజూ చెప్పేవారు, వాళ్ళు రోజూ "సరే సారూ" అనేవారు. తాడు బిగియగానే చేతులు వాటంతటవే వెళ్ళేవి. మా వారు తిట్టారు, బతిమాలారు, ఒకరోజు అన్నం కూడా మానేశారు. దానివల్ల పుండు మండిందే తప్ప మొక్కు ఆగలేదు.

రెండో వారంలో రాజలింగు ఉంగరపు వేలు తాడు కింద పడింది. ఖాదర్ బాషా చూసి లివరు వదిలేశాడు కనుక గోరుతోనే పోయింది. ఆ వేళకు కంపెనీ ఇంజనీరు దొర యార్డులోనే ఉన్నాడు. ఇంగ్లీషు మనిషి, ఎర్రటి మొహం, మాటలు తక్కువ. నెలాఖరున సహంలో ఒక ఐసు ఫ్యాక్టరీకి జనరేటరు ఎత్తే పని ఉందనీ, అదే ఈ ఆరుగురికీ పరీక్ష అనీ చెప్పాడు. బిగిసిన తాడు దగ్గరగానీ, గాలిలో ఉన్న బరువు మీదగానీ చెయ్యి కనిపిస్తే ఆ చెయ్యిగల మనిషిని మర్నాటి విమానంలో ఎక్కిస్తానన్నాడు. అంటూ రాజలింగు చేతివంకే చూశాడు.

నేను పసుపు పెట్టి ఆ వేలికి కట్టు కడుతుంటే రాజలింగు అన్నాడు: "వేలు పోతే ఇంటికే, చెయ్యి వెడితే ఇంటికే. ఊర్లె మిల్లుల నా జాగకు ఇంకోన్ని వెట్టుకున్నరంట. ఇంటికి వోయి ఏం మోత్తనమ్మా?"

"మరి ముట్టడం మానెయ్యరాదూ?"

"మానేత్త అనే అనుకుంటానమ్మా. చెయ్యి ఇంటలేదు."

మస్కట్, ఒక శుక్రవారం

ఆ శుక్రవారం పొద్దున్నే మస్కట్ పాత ఊళ్ళో గుజరాతీ వర్తకులు కట్టుకున్న శివాలయానికి వెళ్ళాం. సముద్రం పక్కన అరబ్బుల కోటల మధ్య శివుడు నిశ్చింతగా ఉన్నాడు. మధ్యాహ్నం గదిలో అందరికీ పులిహోర చేశాను. ఆరుగురూ వచ్చారు, ఖాదర్ బాషా కూడా వచ్చాడు. పిలిచినందుకు కాదు, వాసనకు వచ్చానన్నాడు.

తింటూ అందరం మొక్కు సంగతే మాట్లాడాం. ముట్టకుండా దూరంగా నిలబడి చేతులు జోడిస్తే సరిపోదా అన్నాను. ఖలాసీ సైగల్లో రెండు చేతులూ కలిపి చూపిస్తే అంతా ఆపెయ్యమని అర్థమట. నా సలహాతో ఏ బరువూ నేల విడవదన్నారు మా వారు.

ఇంకోటి చెప్పాను. మా ఇంట్లో మడి ఎక్కువ. మడి కట్టుకున్న మనిషి నడుస్తుంటే పిల్లలు కూడా వాళ్ళంతట వాళ్ళే గోడకు అంటుకుపోతారు. హుక్కుకు తగిలించిన బరువు మడిలో ఉన్నట్టు అనుకోండి, ముట్టకూడదు, అన్నాను. మంచి ఉపాయం చెప్పానన్న ధైర్యంతో ఇంకో గరిటె పులిహోర వడ్డించాను.

రాజలింగు పళ్ళెంలోకి చూస్తూ నవ్వాడు. "ముట్టద్దు అనుడు మాకు కొత్తనా అమ్మా? ఊర్లె పుట్టిన కాన్నుంచి ఇన్నదే. బాయి ముట్టద్దు, ఇంటి కడప ముట్టద్దు. ఈడికొచ్చినంకనే ఏది వడితె అది ముట్టుకుంటానం."

గరిటె నా చేతిలోనే ఉంది. వడ్డించాలో, పెట్టెయ్యాలో తోచలేదు.

"నాక్కొంచెం వెయ్యక్కా," అని ఖాదర్ బాషా పళ్ళెం చాపాడు. "ఈ మామ ఊరి కతలు చెప్పి చెప్పి గిన్నె ఖాళీ చేసేస్తాడు. మా కడప వాళ్ళకు మిగలనీడు."

అతని పళ్ళెంలో వేశాను. తర్వాత రాజలింగు పళ్ళెంలో వేశాను. ఈసారి మాట నోట్లోంచి మెల్లగా వచ్చింది. మనం దేవుడికి హారతిస్తాం కదా, తిరుగుతున్నంతసేపూ పళ్ళెంలో ఎవరూ చెయ్యి పెట్టరు, కిందికి దించాకే కళ్ళకద్దుకుంటారు, అన్నాను. బరువును కూడా తాళ్ళు వేయకముందు ఒకసారి ముట్టండి. దిగి, తాళ్ళు తీసేశాక ఇంకోసారి ముట్టండి. మధ్యలో అది తిరుగుతుంటుంది.

రాజలింగు కాసేపు నమిలాడు. "రెండుసార్లా?"

"రెండుసార్లు."

"గీ లెక్కన మాకే లాభమున్నది," అన్నాడు.

మర్నాటి నుంచి మా వారు దాన్ని పాఠంలో కలిపేశారు. తాళ్ళు వేయకముందు ఒక ఈల. తొడుగులు తీసి, ముట్టి, కళ్ళకద్దుకుని, తొడుగులు వేసుకోవాలి. బరువు దిగి తాళ్ళు తీశాక ఇంకో ఈల. దొర ఒకరోజు చూసి, ఇదేమిటని అడిగాడు. బరువు అంచులు చేత్తో తడిమి చూసే పరీక్ష అన్నారు మా వారు. దొర మెచ్చుకున్నాడు. అది అబద్ధం కాదని మా వారంటారు, నిజం కాదని నేనంటాను. ఆ సంగతి మా ఇంట్లో ఇంకా తేలలేదు.

సహం దారి

సహం మస్కట్‌కు వాయవ్యంగా, సముద్రం ఒడ్డునే ఉంటుంది. కొత్త తారురోడ్డు. ఒకపక్క ఖర్జూరం తోటలు, ఇంకోపక్క ఇసుక, దాని వెనక నీళ్ళు. ఒడ్డున జాలరులు ఈనెలు కట్టలు కట్టి చేసిన పడవల్లో చేపల వేటకు వెళుతున్నారు. నీళ్ళు లోపలికీ బయటికీ స్వేచ్ఛగా వచ్చిపోతాయి, అయినా మునగవట. మా వారు ఆ కట్లవంక చాలాసేపు చూశారు. అంత శ్రద్ధగా ఆయన చూసిన వస్తువు నాకు తెలిసి అదొక్కటే. మా పెళ్ళి ఫొటో కూడా కాదు.

సహంలో ఫ్యాక్టరీ పక్క ఇంటివాళ్ళు ఆ రాత్రికి మాకు చోటిచ్చారు. ఇంటావిడ పేరు మర్యమ్. ఆవిడకు తెలుగు రాదు, నాకు అరబ్బీ రాదు, కనుక మా మధ్య ఏ అపార్థమూ రాలేదు. ఖర్జూరాలు పెట్టి, చిన్న గిన్నెలో యాలకుల కాఫీ పోసింది. తాగాను. మళ్ళీ పోసింది. వద్దంటే నొచ్చుకుంటుందని మళ్ళీ తాగాను. మళ్ళీ పోసింది. అలా ఎంతసేపు జరిగిందో నేను చెప్పను. చివరికి ఆవిడ కూతురు వచ్చి, నా చేతిలోని గిన్నెను పట్టుకుని అటూ ఇటూ ఊపి చూపించింది. అలా ఊపితే చాలని అర్థమట. జీవితమంతా సైగలు నేర్పిన మనిషి భార్యను, నాకు ఆ ఒక్క సైగ తెలియలేదు. ఆ ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోయారు. నేను నామజపం చేసుకున్నాను.

సహం

తెల్లవారగానే జనరేటరు లారీ మీద, టార్పాలిను కప్పుకుని వచ్చింది. ఫ్యాక్టరీ ప్రహరీ మీదుగా దాన్ని ఎత్తి, లోపల కట్టిన సిమెంటు దిమ్మ మీద దించాలి. దొర గోడ నీడలో నిలబడ్డాడు. నేనూ మర్యమూ ఇంటి అరుగు మీద నిలబడ్డాం.

మొదటి ఈల. ఆరుగురూ టార్పాలిను తీసి, తొడుగులు విప్పి, చల్లటి ఇనుమును ముట్టి కళ్ళకద్దుకున్నారు. దొర గడియారం చూసుకుని తలూపాడు. తాళ్ళు వేశారు. బరువు గాలిలో తిరిగిపోకుండా దాని మూలకు ఒక పొడుగాటి తాడు కట్టి, ఆ కొస పట్టుకుని దూరంగా నిలబడడం రాజలింగు వంతు.

ఎత్తబోయేసరికి క్రేను ఒక కాలు ఇసుకలో దిగబడింది. మా వారు అంతా ఆపించారు. దుంగలు తెప్పించి కాలి కింద పేర్చేసరికి సూర్యుడు నడినెత్తికొచ్చాడు. మే నెల. అరుగు మీద చెప్పులు లేకుండా నిలబడలేక మర్యమ్ నాకు తన చెప్పులిచ్చి, తాను లోపలి నుంచి ఇంకో జత తెచ్చుకుంది.

జనరేటరు లేచింది. గోడ ఎత్తు దాటేదాకా బుద్ధిగానే ఉంది. సముద్రం వైపు నుంచి గాలి కొట్టింది. అది మెల్లగా తిరగడం మొదలుపెట్టి, ఒక మూల గోడ వైపు వెళుతోంది. తగిలితే గోడా పోతుంది, జనరేటరూ పోతుంది. రాజలింగు రెండడుగులు ముందుకు పరిగెత్తాడు. ఎడమ చేత్తో తాడు పట్టుకునే ఉన్నాడు. కుడిచెయ్యి చాపాడు, అరచెయ్యి తెరిచి, బస్తాను ఆపినట్టు.

దొర నీడలోంచి బయటికొచ్చాడు. మా వారి ఈల నోట్లోనే ఉండిపోయింది.

"మామా!" అని పైనుంచి ఖాదర్ బాషా అరిచాడు. "అది తిరగతా ఉండాది! తిరగతా ఉండాది!"

రాజలింగు చెయ్యి గాలిలో ఆగింది. ఇనుముకూ దానికీ మధ్య ఒక జానెడు ఉంటుందేమో. ఆ చేతిని ఇంకెవరి చేతినో లాగినట్టుగా వెనక్కి లాక్కున్నాడు. రెండు చేతులా తాడు పట్టుకుని, వెనక్కి నడిచి, మడమలు ఇసుకలో తన్నిపెట్టి, మొత్తం ఒంటి బరువుతో ఆనాడు. జనరేటరు ఆలోచించుకుంది. ఇటు తిరిగింది. గోడ దాటింది. ఖాదర్ బాషా దాన్ని నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దిమ్మ మీద దించాడు.

తాళ్ళు తీశారు. మా వారు రెండో ఈల ఊదారు.

ఆరుగురూ గోడ తలుపులోంచి లోపలికి పరిగెత్తి, తొడుగులు తీసి పారేసి, పొద్దున్నుంచీ ఎండలో నిలబడిన ఇనుము మీద రెండేసి అరచేతులూ ఆనించారు.

ఆ అరుపు విని తోటలో గాడిదలు బెదిరాయి.

ఐసు కోసం చూశాం. ఐసు ఫ్యాక్టరీలో ఐసు లేదు, దాని జనరేటరు ఇప్పుడే దిగింది. మర్యమ్ లోపలికి పోయి పెద్ద గంగాళంలో మజ్జిగ తెచ్చింది. వాళ్ళు దాన్ని లబన్ అంటారు, మా వారి కడుపుకు కూడా పడింది. ఆరుగురూ గంగాళం చుట్టూ గొంతుక్కూర్చుని చేతులు అందులో ముంచారు.

"ఏం మామా, దేవుడు పలికినాడా?" అన్నాడు ఖాదర్ బాషా.

"పలికిండు. నిన్ను గూడ తీసుకరమ్మన్నడు," అన్నాడు రాజలింగు, కళ్ళనీళ్ళతో నవ్వుతూ.

దొర వచ్చాడు. అందరూ పాసయ్యారని చెప్పి, వాళ్ళ దేశపు మర్యాద ప్రకారం మొదట రాజలింగుకు చెయ్యి చాపాడు. రాజలింగు ఏం చెయ్యాలో తెలియక మా వారివంక చూశాడు. మా వారు తలూపారు. మజ్జిగలోంచి చెయ్యి తీసి ఇచ్చాడు. దొర ఆ చేతిని గట్టిగా నొక్కలేదు. పట్టుకుని, వెనక్కి తిప్పి, కింద నుంచి పైదాకా చూశాడు.

"చేత్తో తడిమే ఈ రెండో పరీక్ష," అని మా వారిని అడిగాడు, "తొడుగులతో చెయ్యకూడదా?"

"కూడదు," అన్నారు మా వారు.

దొర ఒక్కొక్కరి చేతినీ మజ్జిగలోంచి తీయించి చూస్తూ పోయాడు. నేను ఆయన వెనకే మర్యమ్ ఇచ్చిన వెన్న పూస్తూ పోయాను. పొక్కుల కింద, ఒక్కో చేతికీ వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. దొర కూడా పెదవులు కదిలిస్తూ లెక్కపెడుతున్నాడు, ఆయన భాషలో ఆయన. చివరి చెయ్యి అయ్యాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లెక్క ఇద్దరికీ సరిపోయింది.